చేతులు కట్టుకున్న కోతి

బాచుపల్లిలో ఒక స్కూలు యాన్యువల్ డేకి సౌండు పెట్టడానికి వెళ్లినప్పుడు, గేటు దాటగానే ఎదురుగోడ మీద ఆ కోతి కనిపించింది. నిలువెత్తు కోతి. ఇస్త్రీ చొక్కా, నిక్కరు, మెడలో టై. రెండు చేతులూ కట్టుకుని, తల కొంచెం వంచి నిలబడి ఉంది. కింద పెద్ద అక్షరాలతో 'ఇంకెప్పుడూ అల్లరి చేయనండి' అని రాశారు. స్పీకర్లు దించుతున్న మా వాళ్లు ఎక్కడ పెట్టాలో అడుగుతున్నారు. నాకు ఒళ్లు మండిపోతోంది.

ఆ మొహం టీచరమ్మ గీసిన మొహం. కొస చిరిగిన చెవి, కొంచెం ముందుకొచ్చిన కింది పెదవి, పక్కకు చూసే దొంగకళ్లు, అన్నీ ఆమెవే. చేతులు మాత్రం ఆమెవి కావు. ఆ చేతులు గీయమని అడిగితే గీయనని చెప్పి, బొమ్మ చంకలో పెట్టుకుని లేచి వెళ్లిపోయిన మనిషి ఆమె. తర్వాత ఎవరో ఆ చేతులు అతికించారు. గోడ మీద ఎక్కడా ఆమె పేరు లేదు. ఆమె పోయి రెండేళ్లు దాటింది, ఇంక అడిగేదెవరులే అనుకున్నారేమో.

ఆమె పెళ్లి, పిల్లలు, పడ్డ కష్టాలు నాకు సరిగా తెలియవు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. మేడ్చల్ వైపు సర్కారు బడుల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైందని, కొత్తగూడ చౌరస్తా వెనక రెండు గదుల్లో కిరాయికి ఉంటుందని మాత్రం తెలుసు. ఆ వీధిలో కూరగాయలమ్మే అతని దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దాకా అందరూ టీచరమ్మ అనేవారు. నేనూ అదే అన్నాను.

నాకు బాగా తెలిసింది ఆమె బొమ్మ గీసే తీరు. మా ఆఫీసులో పరిచయమయ్యాక, ఆమె ఇంటికి వెళ్లినప్పుడల్లా పక్కన కూర్చుని చూశాను. అందరూ జంతువుకు ముందు తల గీస్తారు. ఆమె తోక దగ్గర మొదలుపెట్టేది. కాగితం మీద గాలిలో వేలాడుతున్నట్టు ఒక తోక పడేది, అది ఏ జంతువుదో కాసేపు తెలిసేది కాదు. తోక నచ్చితేనే మిగతా ఒళ్లు. నచ్చకపోతే కాగితం పక్కన పడేసి ఇంకోటి తీసుకునేది. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "సంగతంత తోకల్నే ఉంటది బిడ్డా. మూతి అబద్ధం చెప్తది, తోక చెప్పదు" అంది.

కుంచె కొప్పులో గుచ్చుకుని ఇల్లంతా వెతికేది. కొంగు మూలకు ఎప్పుడూ పుట్నాలు కట్టి ఉండేవి. ఎవరు ఏం అడిగినా ముందు ఆ ముడి విప్పి రెండు గింజలు వాళ్ల చేతిలో పెట్టి, తర్వాత జవాబు చెప్పేది. గీస్తూ గీస్తూ బొమ్మను తిట్టేది, జర కదలకుండ కూసో కొడుకా అని. పిల్లలు అల్లరి చేస్తున్నారని ఎవరైనా తల్లి మొర పెట్టుకుంటే, చెయ్యని పిల్లను దవాఖానకు తీసుకపో, చేసే పిల్లను నా దగ్గరకు తోలు అనేది.

ఆమె కోపం విచిత్రమైంది. అందరికీ కోపమొస్తే గొంతు లేస్తుంది, ఆమెకు దిగేది. ఎదుటివాడు మనవడి వయసువాడైనా 'సార్' అనడం మొదలుపెట్టేది. ఆమె నోట సార్ అన్న మాట వచ్చిందంటే అక్కడున్నవాళ్లు జాగ్రత్తపడాల్సిందే. ఆమె మా ఆఫీసుకు వచ్చిన రోజున ఆ సంగతి ఎవరికీ, నాకు కూడా తెలియదు, పాపం.

ఆమె వయసులో ఉన్నప్పుడు గీసిన పిల్లల పుస్తకం ఒకటుంది. మా తరంలో ఈ చుట్టుపక్కల పెరిగిన పిల్లలు చాలామంది చూసే ఉంటారు. జీడిమెట్లలో మా బడిలో అట్ట ఊడిన కాపీ ఒకటి చేతులు మారుతూ తిరిగేది. ఒక కోతిపిల్ల, ఒక మేకపిల్ల, ఒక కాకి కలిసి పెళ్లి ఇంట్లో దూరతాయి. మేక పెళ్లికొడుకు పూలదండ నములుతుంది. కాకి పెళ్లి చేయించే అయ్యగారి కండువా ఎత్తుకుపోతుంది. కోతి పెళ్లికొడుకు కుర్చీలో కూర్చుంటే, చూపు ఆనని ముసలమ్మ ఒకామె దానికే పసుపు రాస్తుంది. గజ్జెల ఎద్దు ఒకటి వద్దురా వద్దురా అని బుద్ధులు చెబుతూ వెంట తిరుగుతుంది, దాని మాట ఎవరూ వినరు. చివరి పేజీలో కోతి తల్లి వచ్చి, కొడుకు చెవి పట్టుకుని ఈడ్చుకుపోతూ ఉంటుంది. కోతి మొహం ఏడుపు మొహం. కానీ వెనక తోక చుట్టలో ఒక లడ్డూ ఉంటుంది. తల్లి చూడలేదు, చదివే పిల్ల చూస్తుంది. ఆ పుస్తకమంతా ఆ లడ్డూ కోసమే.

మన కోతులు తోకతో పట్టుకోలేవని ఎవరో చదువుకున్నాయన ఒకసారి ఆమెకు చెప్పాడట. మీ కోతికి రాకపోవచ్చు, నా కోతికి వస్తది అందట. ఆ మాట నాకు తానే చెప్పి, కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

ఆ పుస్తకంలో అక్షరాలు తక్కువ, పేజీకి ఒక చిన్న వాక్యం. మాటలు చదివేవాళ్లే కల్పించుకోవాలి. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన మా నాన్న దగ్గర ఆ కోతి మా మాటే మాట్లాడేది, దాని తల్లీ మా మాటే, ఎద్దూ మా మాటే. పక్క పోర్షన్‌లో కాకినాడ వాళ్లుండేవారు, వాళ్ల ఇంట్లో అన్నీ కాకినాడ మాట మాట్లాడేవి. ఏ ఇంట్లో చదివితే ఆ ఇంటి జంతువులు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో రికార్డింగ్ పనిలో చేరాను. పిల్లలకు పాఠాలు, కథలు కంప్యూటర్లలో, ఫోన్లలో వినిపించే కంపెనీ. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మంచి ఊపు మీద ఉన్న రోజులు. బంద్ అంటే తెల్లవారకముందే మమ్మల్ని కిటికీలకు జాలీలు కట్టిన బస్సుల్లో లోపలికి చేర్చేవారు. క్యాంటీన్లో అంతకుముందు కలిసి తిన్న టేబుళ్లు విడిపోయాయి. ఎవరు దగ్గరకొస్తే మాట మార్చాలో అందరికీ తెలుసు.

నేను ఆఫీసులో 'అండి' అనేదాన్ని. ఎవరూ అనమని చెప్పలేదు. చేరిన కొత్తలో మీటింగులో 'గట్ల కాదు సార్' అంటే టేబుల్ చుట్టూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, ముద్దొచ్చి నవ్వినట్టే నవ్వారు. మర్నాటి నుంచి 'అలా కాదండి' అన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఈ రోజుకీ నాకు పళ్లు కొరకాలనిపిస్తుంది.

మా కంపెనీ కథల్లో ఒక రివాజు ఉండేది. తల్లి, డాక్టరు, టీచరు, తెలివైన ఏనుగు, వీళ్లందరిదీ కోస్తా మాట. దొంగ, తాగుబోతు, తిండిపోతు, అల్లరిమూక, వీళ్లందరిదీ మా మాట. అది ఎవరో కూర్చుని పెట్టిన రూలు కాదు. రాసేవాళ్ల చేతికి అలా వచ్చేసేది, చదివేవాళ్ల నోటికి అలా వచ్చేసేది. ఊరంతా ఈ మాట కోసమే రోడ్డు మీదికొచ్చి కూర్చుంటే, కిటికీ ఇవతల మేం ఏసీలో కూర్చుని నక్కకు మా మేనమామ గొంతు పెట్టేవాళ్లం.

టీచరమ్మ పుస్తకాన్ని కంపెనీ తీసుకుంది. పాత పబ్లిషరు వారసుల దగ్గర హక్కులు కొన్నారు కాబట్టి ఆమెను అడగాల్సిన పనే లేదు. కానీ చివరి బొమ్మ ఒక్కటి కోతి చేతులు కట్టుకున్నట్టు మార్చి గీసిస్తే బాగుంటుందని, పిల్లలకు నీతి ఉండాలని, ఆమెను పిలిచారు. మా టీమ్ లీడ్ భీమవరం వైపు అబ్బాయి. చాలా మర్యాదస్తుడు. ఊరెళ్లి వస్తే అందరికీ స్వీట్లు తెచ్చేవాడు. గొడవల రోజుల్లో వాళ్లమ్మ పూటపూటకూ ఫోన్ చేసి వచ్చేయమని ఏడ్చేది, భయపడుతూనే ఉద్యోగం చేశాడు. అతను దుర్మార్గుడైతే నాకు కోపం తేలిగ్గా ఉండేది. మంచివాడు కావడం వల్లే ఇన్నేళ్లైనా చల్లారడం లేదు.

ఆమె రబ్బరు చెప్పులతో వచ్చింది. చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన చివరి పేజీ అసలు బొమ్మ. రికార్డింగ్ గదిలో కూర్చోబెట్టి, ఆమె పెట్టిన పుట్నాలు తిని చెయ్యి ఖాళీ అయ్యాక నేను హెడ్‌ఫోన్లు ఇచ్చాను. "ఇవి పెట్టుకోండి టీచరమ్మగారూ, సౌండు ఎక్కువైతే చెప్పండి" అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి పెట్టుకుంది.

కథ మొదలైంది. కోతి "గిదేందిరా, గిన్ని లడ్డూలు ఒక్కడికేనా" అంటూ దూకింది. ఆమె మొహం విప్పారింది. మేక మాట్లాడింది, కాకి మాట్లాడింది, ఆమె చెయ్యి కుర్చీ మీద తాళం వేసింది. తర్వాత ఎద్దు వచ్చి "అలా చేయకూడదు నాయనా, తప్పు కదూ" అంది. తాళం ఆగింది. చివర కోతి తల్లి వచ్చింది. తల్లి కూడా 'ఏమిటి నాన్నా ఈ పని' అంది. కోతి కాసేపు ఏడ్చి, బుద్ధి తెచ్చుకుని, అప్పటిదాకా మాట్లాడిన మాట వదిలేసి, "ఇంకెప్పుడూ అల్లరి చేయనండి" అంది.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆఖరి ముక్క ఇంకోసారి వేయమంది. వేశాను. విని, మా లీడ్ వైపు తిరిగింది. గొంతు బాగా దిగింది.

"సార్, గీ పిల్ల గీ తల్లికే పుట్టిందా?"

అతనికి అర్థం కాలేదు. అవునండి అన్నాడు.

"మరి తల్లికి ఒక మాట, పిల్లకు ఒక మాట ఎట్లొచ్చినయ్?"

అతను నవ్వుతూ, ఎంతో ఓపిగ్గా చెప్పాడు. పిల్లలకు నవ్వొస్తుందని అలా పెట్టామన్నాడు. అల్లరి క్యారెక్టర్లకు ఆ యాస బాగా సూటవుతుందండి, ఎంతో స్వీట్‌గా ఉంటుందండి, మేం దాన్ని ప్రేమతోనే పెట్టామండి అన్నాడు. నిజంగా ప్రేమతోనే పెట్టాడు. అదే నా మంట.

"లడ్డు దొంగతనం చేసినంత సేపు నా లెక్క మాట్లాడిండు. బుద్ధి రాంగనే మీ లెక్క మాట్లాడిండు. గా బుద్ధి ఎక్కడికెళ్ళి వచ్చింది సార్, బస్సుల వచ్చిందా?"

అతని మొహం ఎర్రబడింది. రోజులు అసలే బాగా లేవు, ఈ మాట ఎక్కడికి పోతుందో అని భయపడ్డాడు. రాజకీయాలు వద్దండి, ఇది పిల్లల కథ అన్నాడు.

ఆమె అతనికి జవాబు చెప్పలేదు. నా వైపు తిరిగింది. "నీది ఏ ఊరు బిడ్డా?" అంది. జీడిమెట్ల అన్నాను. "జీడిమెట్లల మీ ఇంట్ల గిట్లనే మాట్లాడుతరా?" అంది. నేను ఎటో చూశాను. ఆమె తిట్టలేదు, ఎగతాళి చెయ్యలేదు. కొంగు ముడి విప్పి రెండు గింజలు నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. నువ్వు కోతి వయసులోనే బుద్ధిమంతురాలివైపోయినవ్ అంది, అంతే.

తర్వాత లేచింది. బొమ్మ అక్కడ పెట్టి వెళ్తారా అని లీడ్ అడిగాడు. ఆమె కవరు చంకలోకి జరుపుకుంది.

"గీ బొమ్మ నేను ఇయ్య సార్. నా కోతికి మీ బుద్ధి రాలే."

కొన్నాళ్లకు కొత్తగూడ చౌరస్తాలో వంటావార్పు జరిగింది. రోడ్డు మధ్య రాళ్లు పేర్చి, పెద్ద గిన్నెలు ఎక్కించి, వచ్చినవాళ్లందరికీ అక్కడే వండి పెట్టారు. మా ఆఫీసు బస్సు అవతల ఆగిపోయింది. నేను దిగి నడుచుకుంటూ పోతుంటే జనం మధ్య ఆమె కనిపించింది. పొయ్యిలోంచి తీసి చల్లార్చిన బొగ్గుముక్కతో దుమ్ముకు తెల్లబడ్డ రోడ్డు మీద గీస్తోంది. చుట్టూ పిల్లలు. ముందు తోక, తర్వాత వీపు, తర్వాత గిన్నెలోకి చాచిన చెయ్యి. గిన్నె పక్కన ఒక పోలీసాయన కూర్చుని తింటున్నట్టు కూడా గీసింది. నిజం పోలీసు ఒకాయన వచ్చి చూసి నవ్వి, నా మీసాలు ఇంకా పెద్దవి అని సరి చేయించుకున్నాడు. ఆ రోజు ఆమె నాకు విస్తరిలో అన్నం పెట్టించి, నిలబడి తినిపించింది. ఆఫీసు ఊసు ఎత్తలేదు. తిన్నాక దారి వదిలారు, మా బస్సు కదిలి ఆ కోతి మీదుగానే పోయింది. ఆమె చూసి ఇంకో బొగ్గు తీసుకుంది.

కంపెనీ ఆగలేదు. ఆమె పాత బొమ్మల్లోంచి మొహం తీసుకుని, కింద చేతులు కట్టుకున్న ఒళ్లు ఎవరిచేతో గీయించి, లడ్డూ తీసేసి, విడుదల చేసింది. బాగా ఆడింది. స్కూళ్లు కొన్నాయి. ఎక్కడ చూసినా ఆ కోతే, బ్యాగుల మీద, నీళ్ల సీసాల మీద. నేను ఆ ఉద్యోగం మానేశాక ఒకసారి ఆమె ఇంటికి వెళ్లాను. చూశారా అని అడిగాను. చూసిందట. ఎదురింటి పిల్ల ఫోన్‌లో తెచ్చి చూపించిందట.

"మొత్తుకున్నా ఏం లాభం లేదు బిడ్డా. కానీ ఒక్కటి చూసినవా, దానికి తోక గియ్యలే. మరిచిపోయిన్రు. తోక లేకుండ నిలబెట్టిన్రు నా కొడుకును" అంది. ఆమె గొంతులో ఏడుపు వినడం అదొక్కసారే. అప్పుడు కూడా కుంచె కొప్పులోనే ఉంది.

ఆమె పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. వెళ్లేసరికి ఆ రెండు గదుల్లో వేరేవాళ్లున్నారు. ఇప్పుడు రాష్ట్రం వచ్చింది. బోర్డుల మీద పేర్లు మారాయి. నేను సొంతంగా సౌండు పని పెట్టుకున్నాను. కస్టమర్ల ముందు నా నోట ఇప్పటికీ అండీలే. ఈ బాచుపల్లి గోడ మీద కోతి ఇప్పటికీ చేతులు కట్టుకునే ఉంది.

ఆ స్కూల్లో పిల్లలు ఆడబోయేది ఆ కథే. ట్రాకు వాళ్లే ఇచ్చారు, నేనే రికార్డు చేసిన ట్రాకు. మధ్యాహ్నం రిహార్సల్ మొదలైంది. తోక లేని కోతి డ్రెస్సులో ఒక చిన్నపిల్ల ఎగిరింది, దూకింది, కుర్చీ ఎక్కింది. తల్లి వచ్చి మందలించింది. పిల్ల చేతులు కట్టుకుని, తల వంచి, మైకు ముందు నిలబడింది. పెదవులు కదిలించడానికి ఆఖరి మాట కోసం ఎదురుచూస్తోంది. నేను సౌండు దించేశాను.

పిల్ల తల ఎత్తి చూసింది. ప్రిన్సిపల్ మేడం నా దగ్గరకొచ్చి, ట్రాక్‌లో ప్రాబ్లమా అండి అని అడిగింది. మంచావిడే. వీళ్లంతా మంచివాళ్లే. నా గొంతు దానంతట అదే దిగిపోయింది.

"ట్రాకు మంచిగనే ఉన్నది మేడం. ఆఖరి మాట నేను వెయ్య. గా కోతి గట్ల అనలే."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. అప్పటిదాకా అండి అండి అన్న మనిషిని కదా. బొమ్మ కోతే కదండీ అంది. తల్లిదండ్రులు సాయంత్రానికి వచ్చేస్తారని, ఇష్టం లేకపోతే వేరేవాళ్లను పిలుచుకుంటామని చెప్పింది. పిలుచుకోండ్రి అన్నాను. మా వాళ్లకు వైర్లు చుట్టమని చెప్పాను.

స్టేజి మీద పిల్లలు నిలబడే చోట్లకు గుర్తులు పెట్టడానికి తెచ్చిన సుద్దముక్క ఒకటి మెట్ల మీద పడి ఉంది. తీసుకుని గేటు దగ్గర గోడ ముందుకు పోయాను. వాచ్‌మన్ ఏంది మేడం అంటూ లేచాడు. నాకు బొమ్మలు గీయడం రాదు. ఏనాడూ గీయలేదు. లడ్డూ గుండ్రంగా వస్తుందో రాదో కూడా తెలియదు.

తోక దగ్గర మొదలుపెట్టాను.